బైబిల్ చరిత్రను నవలగా రాయాలంటే చాకిరేవు దగ్గర మొదలుపెట్టండి

నా మొదటి చిత్తుప్రతిలో దేవదూతలు నలభై పేజీలు కొట్లాడారు. ఆకాశంలో ఖడ్గాలు, మంటలు, నల్లటి రెక్కలు, ఒకటే మోత. బ్రహ్మాండంగా వచ్చిందనుకొని ఒక శుక్రవారం ఉపవాస ప్రార్థన అయ్యాక హనుమకొండలో మా పెద్దమ్మ ఇంట్లో చదివి వినిపించాను. ఆవిడ చివరిదాకా ఓపిగ్గా విని ఒక్కటే అడిగింది: "అంతా మంచిగుంది గని బిడ్డా, వాళ్లు పైన కొట్లాడుతుంటే కింద పిల్లలకు నీళ్లెవరు తెచ్చిన్రు?"

నా దగ్గర జవాబు లేదు. అసలు నా నవలలో పిల్లలే లేరు.

ఆ నలభై పేజీలు పక్కన పడేసి మళ్లీ మొదలుపెట్టాను. అప్పుడు నేర్చుకున్నవే ఇక్కడ రాస్తున్నాను. మీరూ బైబిల్లోని ఒక చారిత్రక ఘట్టాన్ని తీసుకుని, అందులోని ఆత్మీయ పోరాటాన్ని కథగా చెప్పాలనుకుంటే ఇందులో కొంతైనా పనికొస్తుంది.

ముందు ఒక్క ఘట్టం చాలు

ఆదికాండం నుంచి ప్రకటన దాకా అంతా రాసేద్దామని కూర్చోకండి. నాలుగైదు వారాల్లో జరిగిపోయే ఒక ఘట్టం తీసుకోండి. ఎంచుకునేటప్పుడు ఒక్కటి చూసుకోండి: ఆ సంగతి బైబిల్లోనే కాక బయట కూడా ఎక్కడైనా నమోదై ఉందా? ఉంటే మీ పని సగం తేలికవుతుంది.

నేను తీసుకున్నది క్రీ.పూ. 701లో అష్షూరు (అస్సీరియా) రాజు సన్హెరీబు, యెరూషలేము రాజధానిగా ఉన్న యూదా రాజ్యం మీదికి దండెత్తిన సంగతి. అప్పుడు యెరూషలేములో హిజ్కియా రాజు, యెషయా ప్రవక్త. రెండవ రాజులు 18, 19 అధ్యాయాల్లో, యెషయా 36, 37లో, రెండవ దినవృత్తాంతములు 32లో ఉంది. మూడూ పక్కపక్కన పెట్టుకుని చదవండి. ఒకదాంట్లో ఉన్నది ఇంకోదాంట్లో ఉండదు. కథ దొరికేది ఆ సందుల్లోనే. ఇక్కడి నుంచి నా ఉదాహరణలన్నీ ఈ ముట్టడి నుంచే. మీరు వేరే ఘట్టం తీసుకున్నా పద్ధతి మారదు.

మూడు రంగుల పెన్నులు

ఒక లాంగ్ నోట్‌బుక్, మూడు పెన్నులు కొనండి. గ్రంథంలో ఉన్నది నీలం, తవ్వకాల్లోనో శాసనాల్లోనో దొరికింది ఆకుపచ్చ, మీరు కల్పించింది ఎరుపు. ఈ మూడూ కలిసిపోతే ఆరు నెలల తర్వాత ఏది ఎక్కడిదో మీకే గుర్తుండదు. సంఘంలో ఎవరో ఒక పెద్దాయన లేచి "ఇది ఏ వచనంలో ఉంది?" అని తప్పకుండా అడుగుతారు. నన్ను అడిగారు.

మచ్చుకు నా నోట్‌బుక్‌లో ఒక పేజీ. నీలం: హిజ్కియా అష్షూరు రాజుకు 300 తలాంతుల వెండి, 30 తలాంతుల బంగారం కప్పం కట్టాడు. (మన తెలుగు బైబిల్లో మణుగుల్లోకి మార్చి ఉంటుంది, అంకె వేరేగా కనబడితే కంగారు పడకండి.) ఆకుపచ్చ: అష్షూరు రాజధాని నీనెవెలో 1830లో దొరికిన ఆరు ముఖాల మట్టి పట్టకం మీద సన్హెరీబు తన గొప్పలు రాయించుకున్నాడు. బంగారం అక్కడా 30 తలాంతులే. వెండి మాత్రం 800. 46 బలమైన పట్టణాలు పట్టుకున్నానని, హిజ్కియాను పంజరంలో పక్షిలా యెరూషలేములో బంధించానని అంటాడు. ఆ పట్టణాన్ని పట్టుకున్నానని మాత్రం అనడు. ఎరుపు: ఆ వెండి కోసం ఇంటింటికీ తిరిగినప్పుడు ఒక అవ్వ తన కాలి కడియం ఇవ్వనని మొండికేసింది.

గెలిచినవాడి రాత ఎలా ఉంటుందో ఓరుగల్లు వాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. 1309–10లో మాలిక్ కాఫూర్ ముట్టడి గురించి మనకు వివరంగా చెప్పింది ఢిల్లీ ఆస్థాన కవి అమీర్ ఖుస్రో. అలాంటి రాతను చదివేటప్పుడు రాసినవాడు ఏం దాచాడా అని వెతకడం అలవాటు చేసుకోండి. సన్హెరీబు రాయనిచోటే మీ కథకు చోటుంది.

మీ మనిషిని ఎక్కడ నిలబెడతారు?

హిజ్కియాను కథానాయకుణ్ణి చేయకండి. యెషయానూ వద్దు. వాళ్లు ఏం మాట్లాడారో గ్రంథంలోనే ఉంది, వాళ్ల నోట కొత్త మాటలు పెడితే చదివేవాళ్లకు ఇబ్బంది, మీకు టెన్షన్. పేరు లేని మనిషిని వెతకండి.

ఎక్కడ వెతకాలో వచనమే చెబుతుంది. అష్షూరు దూతలు వచ్చి నిలబడిన చోటును మన తెలుగు బైబిల్ చాకిరేవు మార్గం దగ్గర, మెరక కొలను కాలువ పక్కన అంటుంది. ఎన్నోసార్లు చదివిన వాక్యమే, ఎప్పుడూ ఆగి చూడలేదు. చాకిరేవు! అంటే అక్కడ రోజూ బట్టలుతికేవాళ్లు ఉండాలి కదా. సైన్యం వచ్చి నిలబడ్డ రోజు వాళ్ల రేవు పోయింది, పని పోయింది, కూలి పోయింది. చాకలి ఐలమ్మ పుట్టిన నేల మీద ఉండి కూడా ఇది నాకు వెంటనే తట్టలేదంటే సిగ్గుపడాలి. అలా నాకు తిర్సా దొరికింది. యాభై ఏళ్లు దాటిన చాకలి అవ్వ, వెంట ఒక మనుమడు.

ఆమె ఇంటి సంగతి యెషయా 22:10లో దొరికింది. ప్రాకారాన్ని గట్టి చేయడానికి యెరూషలేములో ఇళ్లు లెక్కపెట్టి కూలగొట్టారని ఉంది అక్కడ. 1970లలో తవ్వకాల్లో ఏడు మీటర్ల మందమున్న గోడ బయటపడింది. అది ఇళ్ల మీదుగానే పోతుంది. రోడ్డు వెడల్పులో ఇంటి గోడకు ఎర్ర రంగు గీత పడటం మన దగ్గర చూడనిదెవరు? ఆ గీత చూసుకుంటూ ఆ రాత్రి వంట చేసుకునే మనిషి మనసు ఎలా ఉంటుందో మీకు తెలుసు. అది రాయండి. ఇంతా చేసి అదే అధ్యాయంలో, రాజగృహాధికారి షెబ్నా తనకోసం ఎత్తయిన చోట సమాధి తొలిపించుకుంటున్నాడని యెషయా కోప్పడతాడు. ఒకరి ఇల్లు కూలుతుంటే ఇంకొకరి సమాధి లేస్తోంది. ఇంతకన్నా మంచి సన్నివేశం మనం కల్పించలేం.

కాళ్లతో, చెవులతో చదవండి

పెద్దమ్మ అడిగిన నీళ్ల ప్రశ్నకు జవాబు హిజ్కియా తొలిపించిన సొరంగంలో ఉంది. గీహోను ఊటను ఊరి లోపలికి మళ్లించడానికి కొండలో తొలిచిన ఆ సొరంగం దాదాపు 533 మీటర్లు. రెండు వైపుల నుంచీ తవ్వుకుంటూ వచ్చి మధ్యలో కలిశారు. 1880లో అందులో ఒక శాసనం బయటపడింది, ఇప్పుడది ఇస్తాంబుల్ మ్యూజియంలో ఉంది. ఇంకా మూడు మూరలు మిగిలి ఉండగా అవతలివాడు ఇవతలివాణ్ణి పిలిచే గొంతు వినబడిందని అందులో రాశారు. తమ తలల మీద నూరు మూరల రాయి ఉందనీ రాశారు. మిగిలిన పంక్తుల్లో రాజు పేరు ఎక్కడా లేదు.

ఇది రాయడానికి యెరూషలేము పోవాల్సిన పని లేదు. భూపాలపల్లిలోనో గోదావరిఖనిలోనో బొగ్గుబాయిలో దిగి రిటైరైన మనిషిని ఒక్కణ్ణి పట్టుకోండి. నేను కలిసిన తాత చెప్పింది ఇది: చీకట్లో పైకప్పును కర్రతో కొట్టి వింటారట. గట్టిగా ఉంటే ఖంగుమంటుంది, ఊడిపడేలా ఉంటే డొల్లగా పలుకుతుంది. "బాయిల కండ్లకంటె చెవులే ముందు నాయినా" అన్నాడు. ఆ ఒక్క మాటతో నా సొరంగం అధ్యాయం మారిపోయింది. అంతకుముందు అందులో దీపాలు, నీడలు ఉండేవి. ఇప్పుడు చప్పుళ్లున్నాయి. రాతి పని చూడాలంటే కరీంనగర్ వైపు గ్రానైట్ క్వారీల దగ్గర ఒక పూట నిలబడండి, దుమ్ము గొంతులో ఎలా పట్టుకుంటుందో తెలుస్తుంది.

అలాగే ఒక సాయంత్రం ఖిలా వరంగల్ వెళ్లండి. తోరణాల దగ్గర సెల్ఫీలు దిగే చోట కాదు, బయటి మట్టికోట ఎక్కండి. పైన నిలబడి, కింద కందకం దగ్గర మనిషి మాట్లాడితే ఎంత వినబడుతుందో స్నేహితుణ్ణి పెట్టి చూడండి. అరిస్తే వినబడుతుంది. మామూలుగా మాట్లాడితే ముక్కలు ముక్కలుగా వినబడుతుంది. ఈ పరీక్ష ఎందుకో కింద చెబుతాను.

పోరాటం ఎక్కడ జరుగుతోంది?

ఆత్మీయ పోరాటం అనగానే మనకు దయ్యాలు, దూతలు గుర్తొస్తారు. కానీ ఈ ముట్టడి అధ్యాయాల్లో దయ్యం మాటే లేదు. ఉన్నది ఒక గొంతు. రబ్షాకే అన్నది మనిషి పేరు కాదు, అష్షూరు కొలువులో ఒక పదవి. ఆ పదవిలో ఉన్నవాడు గోడ కింద నిలబడి మాట్లాడతాడు. అతని మాటలు ఒక్కొక్కటే విడదీసి నోట్‌బుక్‌లో రాసుకోండి. ఐగుప్తును (ఈజిప్టును) నమ్ముకుంటే నలిగిన రెల్లు మీద చెయ్యి ఆనించినట్టే, గుచ్చుకుంటుంది. మీ దేవుణ్ణే నమ్ముకున్నామంటారా, ఆయన బలిపీఠాలు పడగొట్టింది మీ రాజే కదా. రెండు వేల గుర్రాలిస్తాను, ఎక్కేవాళ్లు మీకున్నారా? ఈ దేశం మీదికి పొమ్మని నాతో చెప్పింది యెహోవాయే. చివర్లో ఆశ: బయటికొస్తే ఎవరి ద్రాక్షచెట్టు పండ్లు వాళ్లు తినొచ్చు, ఎవరి బావి నీళ్లు వాళ్లు తాగొచ్చు.

ఇందులో పూర్తి అబద్ధం తక్కువ. ఐగుప్తు నిజంగానే నమ్మదగింది కాదు, యెషయా కూడా అదే మాట అన్నాడు. హిజ్కియా బలిపీఠాలు పడగొట్టించిన మాటా నిజమే. నిజాన్ని కొంచెం వంచి భయంతో కలిపి ఇవ్వడం శోధకుడైన సాతాను పాత పని. మీ నవలలో సాతాను కనబడాల్సిన చోటు ఇదే, ఈ వాక్యాల మధ్యనే. కొమ్ములు పెట్టాల్సిన పని లేదు.

ఇంకో సంగతి. హిజ్కియా మనుషులు రబ్షాకేను బతిమాలతారు, అరామిక్‌లో మాట్లాడమని, గోడ మీది జనానికి అర్థమయ్యే యూదుల భాషలో వద్దని. వాడు కావాలనే జనం భాషలోనే గట్టిగా అరుస్తాడు. నిజాం కాలంలో కచేరీ భాష ఒకటి, వాడ భాష ఒకటిగా బతికిన ఊళ్లు మనవి. అందుకే ఈ సన్నివేశాన్ని ఇలా రాశాను:

తిర్సా గోడ మీంచి వంగి చూసింది. తను రోజూ బట్టలుతికే బండ పక్కన గుర్రం నీళ్లు తాగుతోంది. దాని పక్కనున్న మనిషి రాజుగారి ముగ్గురు అధికారులతో ఏదో దర్బారు భాషలో మాట్లాడుతున్నాడు. ఆమెకు ఒక్క ముక్క అర్థం కాలేదు, అదే నయమనిపించింది. అంతలో ఆ మనిషి తల పైకెత్తాడు.

"ఓ అవ్వా, పొద్దటిసంది ఏమన్న తిన్నవా?"

గోడ మీద అందరూ గప్‌చుప్ అయ్యారు. అది తమ వాడల మాట. తమ అత్తలు, మామలు మాట్లాడే మాట.

"మీకెందుకీ లొల్లి? బయటికి రాండ్రి. ఎవని తోట వానిదే, ఎవని బాయి నీళ్లు వానివే."

మనుమడు ఆమె కొంగు లాగాడు. "అవ్వా, మంచిగనే చెప్తుండు గదా?" తిర్సా నోరు తెరవబోయింది. పక్కనున్న లాకీషు ఆమె, పది రోజుల కింద పిల్లలు లేకుండా వచ్చినామె, గోడ వైపు చూడకుండానే అన్నది: "మా ఊరి గోడ కింద గూడ గిట్లనే తియ్యగ మాట్లాడిండు."

రాజు ఆజ్ఞ ప్రకారం జనం ఎవరూ బదులు చెప్పలేదని గ్రంథంలో ఉంది. ఒక్క వచనం. నా నవలలో అది ఆరు పేజీలు, ఎందుకంటే యుద్ధం ఆ మౌనంలోనే జరుగుతోంది. ఆకలితో ఉన్న మనిషి, పక్కన ఏడుస్తున్న పిల్లవాడు, కింద తన భాషలో పలకరిస్తున్న గొంతు. బదులివ్వకుండా నిలబడటం ఎంత కష్టం! మట్టికోట మీద చేసిన పరీక్ష ఇక్కడ పనికొచ్చింది. గోడ మీద అందరికీ అన్ని మాటలూ వినబడవు. "తోట", "నీళ్లు" అనే మాటలు మాత్రం అందరికీ వినబడతాయి.

లాకీషు ఆమెను వదలకండి. లాకీషు యెరూషలేముకు సుమారు 45 కిలోమీటర్లు. అక్కడ అష్షూరు వాళ్లు కట్టిన ముట్టడి కట్ట నేటికీ కనబడుతుంది. ఆ పట్టణం కూలిన తీరును సన్హెరీబు నీనెవెలో తన రాజభవనం గోడల మీద రాతిలో చెక్కించుకున్నాడు. ఆ పలకలు ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి, ఫొటోలు చూడండి. సామాన్లెక్కించిన ఎడ్ల బండ్లు, ఆడవాళ్లు, పిల్లలు వరసగా బయటికి నడుస్తుంటారు. యెరూషలేము తప్పించుకుంది, లాకీషు తప్పించుకోలేదు. ఆ ఊళ్లో ప్రార్థన చేసినవాళ్లు లేరా? ఈ ప్రశ్న మీ నవలలో ఎవరో ఒకరు అడగాలి. జవాబు మీరు చెప్పాల్సిన పని లేదు. హబక్కూకు ప్రవక్త అడిగాడు, కీర్తనకారులు అడిగారు, మీ పాత్ర కూడా అడగొచ్చు.

దూతల సంగతేంటి?

రాయండి, కానీ గ్రంథం ఎంత చెప్పిందో అంత కొలతలో. 1,85,000 మంది అష్షూరు సైనికుల చావును రాజుల గ్రంథం ఒక్క వచనంలో ముగించింది: ఆ రాత్రి యెహోవా దూత బయలుదేరాడు, తెల్లవారి చూస్తే శవాలు. నేనూ తెల్లవారుజామునే రాశాను. తిర్సా గోడెక్కితే అవతల కుక్కలు మొరగడం లేదు, పొగ లేవడం లేదు. అంతే. పై లోకంలో జరిగేది నేరుగా చూపాలనిపిస్తే దానియేలు 10వ అధ్యాయం చదవండి. అక్కడ దూత 21 రోజులు ఆలస్యమవుతాడు, కింద దానియేలుకు ఆ సంగతి తెలియదు, ఉపవాసంతో నీరసించి ఉంటాడు. రెండు లోకాలకు మధ్య ఉన్న ఆ తెలియనితనమే కథను నడిపిస్తుంది.

అద్భుతం అయ్యాక కూడా ఆగకండి. యెషయా ఇచ్చిన గుర్తు రైతుకు తెలిసిన గుర్తు: ఈ ఏడు దానంతట అది మొలిచింది తింటారు, వచ్చే ఏడు దాని నుంచి వచ్చింది తింటారు, మూడో ఏడు విత్తి కోస్తారు. అంటే విడుదల దొరికినా రెండేళ్లు సాగు లేదు. మన రైతులకు చెప్పి చూడండి, ఆ రెండేళ్లు ఎలాంటివో వాళ్లే చెబుతారు. ఇంకో హెచ్చరిక: సన్హెరీబు తన కొడుకుల చేతిలో చచ్చిన వచనం ఆ వెంటనే వస్తుంది, మర్నాడే జరిగినట్టు రాసేయకండి. అది క్రీ.పూ. 681, ఇరవై ఏళ్ల తర్వాత.

శత్రువు ఎవరు?

ఎఫెసీయులు 6:12 గోడ మీద అంటించుకుని రాయండి. మన పోరాటం శరీరులతో కాదని అందులో ఉంది. అంటే అష్షూరు సైనికుడు కూడా ఎవరో తల్లి కన్న బిడ్డే. వాడి జోళ్లు అరిగిపోవాలి, వాడికి ఇంటి మీద బెంగ ఉండాలి. ఈ జాగ్రత్త లేకపోతే మన దగ్గర ఇంకో ప్రమాదం ఉంది: పాత కథ ముసుగులో పక్కింటివాళ్ల గుడినీ పండగనూ దయ్యాల పాలు చేసే రాతలు. మా వాడలో నా పక్కిల్లు బతుకమ్మ పేర్చే ఇల్లు, జ్వరమొస్తే ముందు తలుపు కొట్టేదీ ఆ ఇల్లే. వాళ్లు చదివినా తలదించుకోకుండా ఉండేలా రాయాలన్నది నా లెక్క. పైగా హిజ్కియా పగలగొట్టింది పరాయి విగ్రహాలను మాత్రమే కాదు. మోషే చేయించిన ఇత్తడి సర్పాన్ని కూడా ముక్కలు చేశాడు, జనం దానికి ధూపం వేయడం మొదలుపెట్టారు గనుక. ముందు మన ఇంట్లో ఏం పగలాలి అన్నదాని మీద మంచి అధ్యాయం వస్తుంది.

భాష, చిన్న చిన్న తప్పులు

కథనం మామూలు తెలుగులో, మాటలు మీ వాడ తెలుగులో. "పలికెను, చెప్పెను" ప్రార్థనల వరకు ఉంచుకోండి. యాసలో రాస్తే వాక్యానికి మర్యాద తగ్గుతుందని కొందరంటారు. వాళ్లను ఒకసారి డోర్నకల్ తీసుకెళ్లండి. 1912లో తొలి భారతీయ ఆంగ్లికన్ బిషప్ అయిన అజరయ్య కట్టించిన కెథెడ్రల్ చూస్తే, ఆరాధన మన నేల రూపంలోకి ఎలా వచ్చిందో అక్కడి రాయే చెబుతుంది.

తిర్సా వంటలో మిరపకాయ పడితే అయిపోయారు. మిరప, టమాట, మొక్కజొన్న, ఆలు అన్నీ అమెరికా ఖండాల నుంచి రెండు వేల ఏళ్లు దాటాక వచ్చినవి. బార్లీ రొట్టె, అంజూరాలు, ఖర్జూరాలు, కాయధాన్యాల కూర, ఒలీవ నూనె పెట్టండి. నాణేలు వద్దు, వెండిని తూకం వేసి ఇచ్చేవారు. నిల్వ కుండల చెవుల మీద "రాజుకు" అనే ముద్ర ఉండేది, అలాంటివి వందల కొద్దీ దొరికాయి. వంటింట్లో ఒకటి పెట్టండి, అది రాజుగారి కుండ తిర్సా ఇంట్లోకి ఎలా వచ్చిందనే చిన్న కథ కూడా అవుతుంది.

క్రిస్మస్‌కు నాటకంగా వేయాలంటే గోడ సన్నివేశం ఒక్కటే చాలు. బల్ల ఒకటి, మనుషులు ఆరుగురు. రబ్షాకేను జనం వెనక నుంచి మాట్లాడించండి. ఒగ్గు కథలో ఒక్క మనిషే కథకుడై, పాత్రై, మళ్లీ కథకుడయ్యే పద్ధతి చూసి ఉంటే తిర్సాను అలా నడిపించవచ్చు.

పుస్తకం చివర ఒక పేజీ తప్పకుండా కలపండి: ఎర్ర పెన్నుతో రాసినవి ఏవో చెప్పే పేజీ. తిర్సా నా కల్పన, కడియం నా కల్పన, చాకిరేవు గ్రంథంలోది, సొరంగం రాతిలోది అని.

చదివి వినిపించడం

అచ్చుకు ఇచ్చే ముందు గట్టిగా చదివి వినిపించండి. సాహిత్యం తెలిసినవాళ్లకు కాదు, రోజంతా పని చేసి వచ్చి కూర్చున్నవాళ్లకు. "ఎలా ఉంది?" అని అడగొద్దు, "మంచిగుంది" అంటారు, అది ఎందుకూ పనికిరాదు. వాళ్ల చేతులు చూడండి. మా పెద్దమ్మ రెండోసారి విన్నప్పుడు చిక్కుడుకాయలు ఈనె తీస్తూ విన్నది. గోడ సన్నివేశం దగ్గర చేతిలో కాయ అలాగే ఉండిపోయింది. ఆవిడ టీ పెడతానని లేచిన చోటల్లా పెన్సిల్‌తో గీత పెట్టుకున్నాను. మొత్తం ఏడు గీతలు. అందులో ఐదు దూతల దగ్గరే.